సెకుండా పాట, జాజ్ చేతుల్లో: స్వరకర్త ఎక్కడ మిగిలాడు?

పాతరికార్డు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో స్వింగ్ యుగం (పెద్ద బృందాలు నాట్యానికి జాజ్ వాయించిన 1930ల కాలం) గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం కాని, ఆ యుగంలో ఊరూవాడా మోగిన ఒక పాట అసలు స్వరకర్త గురించి ఎవరమూ ఎత్తలేదు. ఆ పాట "బై మిర్ బిస్తు షేన్". నా కంటికి నువ్వు అందగత్తెవు అని దాని భావం. స్వరకర్త షోలమ్ సెకుండా. 1894లో అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న అలెక్సాండ్రియా అనే ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టి, సినగాగులో, అంటే యూదుల ప్రార్థనాలయంలో, ప్రార్థనలు పాడే బాలగాయకుడిగా పేరు తెచ్చుకుని, చిన్నతనంలోనే న్యూయార్క్ చేరినవాడు. అక్కడి సెకండ్ అవెన్యూలో యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) నాటకశాలల కోసం దశాబ్దాల పాటు పాటలు కట్టాడు.

ఈ పాటను 1932లో ఒక యిడ్డిష్ సంగీత నాటకం కోసం కట్టాడు. మాటలు జేకబ్ జేకబ్స్‌వి. నాటకం ఒక్క సీజన్ ఆడి ఆగిపోయింది. 1937లో సెకుండా ఆ పాట హక్కులను కామెన్ సోదరుల ప్రచురణ సంస్థకు ముప్పై డాలర్లకు అమ్మి, అందులో సగం జేకబ్స్‌కు ఇచ్చాడు. అదే ఏడాది నవంబరు 24న ఆండ్రూస్ సిస్టర్స్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు డెక్కా రికార్డు కంపెనీకి దాన్ని ఇంగ్లీషు మాటలతో పాడారు. 1938 జనవరి 16న క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందం న్యూయార్క్ కార్నెగీ హాలులో వాయించింది. అక్కడి నుంచి ఈనాటి వరకు ఆ బాణీ మీద జాజ్ వాద్యకారులు చేయి వేస్తూనే ఉన్నారు.

నేను అడగదలచుకున్నది ఇది. ఇన్ని జాజ్ రూపాల్లో సెకుండా సంగీతాన్ని సంగీతంగా పట్టించుకున్నవి ఏవి, కేవలం ఒక జనాకర్షక బాణీగా వాడుకున్నవి ఏవి? జాజ్ ఈ పాటలోని యూదుతనాన్ని చెరిపేసిందన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది నిజమేనా?

శ్రుతిలయ

మంచి చర్చ మొదలుపెట్టారు. కర్ణాటక సంగీతం నేర్పేదాన్ని కనుక నా దారిలోనే చెబుతాను.

తూర్పు యూరప్ యూదుల సంగీతంలో రెండు మూడు స్వరస్థానాల అమరికలు పదేపదే వస్తాయి. "ఫ్రైగిష్" అని వాళ్లు పిలిచేదాన్ని మన మేళకర్తల్లో వెతికితే స్వరాల లెక్కన అది వకుళాభరణం: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. యూదుల వేడుక పాట "హవా నగీలా" వింటే ఆ శుద్ధ రిషభానికీ అంతర గాంధారానికీ మధ్య ఉన్న ఎడం వెంటనే చెవికి తగులుతుంది. మరొకటి ప్రతి మధ్యమంతో సాగేది. దాని స్వరాలు హేమవతివి. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటి కాదని ఇక్కడి వారికి నేను చెప్పనక్కరలేదు. వాళ్ల సంచారాలు వేరు, విరుపులు వేరు.

సెకుండా పాట అయితే ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా చెందదు. దాని తీగల (కార్డులు, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు) నడక పాశ్చాత్య హార్మోనిక్ మైనర్‌ది, అంటే మన కీరవాణి స్వరాలది. పంచమం మీద నిలిచే తీగలో కాకలి నిషాదం వినిపించి, షడ్జం వైపు లాగుతుంది. పల్లవి భాగం కూడా ఆనాటి బ్రాడ్‌వే పాటల కొలతలోనే ఉంటుంది: ఒక వరుసను రెండుసార్లు చెప్పి, మధ్యలో వేరే వరుసకు వెళ్లి, మళ్లీ మొదటి వరుసకు రావడం. జాజ్ వాద్యకారుడికి కావలసింది సరిగ్గా ఆ చట్రమే, ఎందుకంటే తీగల వరుస తెలిసిపోతే దాని మీద ఎన్ని ఆవర్తాలైనా మనోధర్మం నడపవచ్చు. కాబట్టి ఈ పాటను జాజ్ ఎక్కడి నుంచో వచ్చి లాక్కుపోయిందనడం నాకు సరిగా తోచదు. కట్టినవాడే దాన్ని సగం అమెరికన్‌గా కట్టాడు.

షికాగో_సుబ్బు

ఒక చిన్న అభ్యంతరం. సెకుండాను పూర్తిగా మరచిపోయిన స్వరకర్త అనవచ్చా? 1940లో ఆరన్ జెయిట్లిన్ నాటకం కోసం ఆయన కట్టిన "దానా దానా" పాటే తరవాత "డోనా డోనా"గా మారింది. 1960లో అమెరికా జానపద గాయని జోన్ బయేజ్ తన మొదటి ఆల్బమ్‌లో పాడింది. ప్రపంచంలో సగం మందికి ఆ పాట తెలుసు.

పాతరికార్డు

సుబ్బు గారూ, మీరు చెప్పినది నా వాదాన్నే బలపరుస్తోంది. ఆ పాట తెలిసినవారిలో ఎంతమంది దాన్ని సెకుండాదిగా గుర్తిస్తారు? చాలామంది దాన్ని తరతరాల జానపద గీతమనే అనుకుంటారు. రెండు పాటలు లోకమంతా తిరిగాయి, కట్టినవాడి పేరు మాత్రం వాటి వెంట ప్రయాణించలేదు. మరపు అన్నది ఆ అర్థంలోనే.

గోదారిగట్టు

డబ్బు సంగతి కొంచెం విడదీసి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ ఎక్కడ చదివినా అక్కడే ఆగిపోతుంది.

ముప్పై డాలర్లు అన్నది మోసం కాదు. యిడ్డిష్ నాటకాల పాటలకు ఆనాడు ఆ మాత్రం ధరే ఉండేది. కామెన్ సోదరులు పెళ్లిళ్లలో వాయించేవారికి స్వరపత్రాలు అమ్ముకునే చిన్న వ్యాపారులు. వారి నుంచి హక్కులు వార్నర్ బ్రదర్స్ చేతిలో ఉన్న హార్మ్స్ సంస్థకు వెళ్లాకే లక్షలు మొదలయ్యాయి. తన కొడుకు ఇంత నష్టపోవడానికి తాను చేసిన ఏదో పాపమే కారణమనుకుని సెకుండా తల్లి ఏళ్ల తరబడి రోజూ సినగాగుకు వెళ్లి దేవుణ్ణి క్షమాపణ వేడుకునేదని ఒక కథ ఉంది. కథ ఎంత నిజమో గాని, పత్రికలకు మాత్రం బాగా పనికివచ్చింది.

ఎక్కువ మంది చెప్పని ముగింపు ఏమిటంటే, ఆనాటి అమెరికా చట్టం ప్రకారం మొదటి విడత హక్కు ఇరవై ఎనిమిదేళ్లే. అది తీరగానే 1961లో హక్కు తిరిగి రచయితలకు వచ్చింది, అప్పుడు సెకుండా, జేకబ్స్ ఇద్దరూ మెరుగైన షరతులతో కొత్త ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి స్వింగ్ బృందాల కాలం ముగిసిపోయిందనుకోండి.

ఇంకొకటి. సెకుండా కుర్రవాడిగా ఉన్నప్పుడు, యిడ్డిష్ రంగస్థల దిగ్గజం బోరిస్ థామషెఫ్‌స్కీ అతన్నీ జార్జ్ గెర్ష్విన్ అనే మరో కుర్రవాణ్నీ జంటగా పని చేయించాలని చూశాడని, గెర్ష్విన్‌కు శాస్త్రీయ శిక్షణ చాలదని సెకుండా కాదన్నాడని చెబుతారు. ఆండ్రూస్ సిస్టర్స్ రికార్డుకు మొదటి వైపు ఉన్నది గెర్ష్విన్ పాట. "బై మిర్" రెండో వైపు. అమ్ముడుపోయింది రెండో వైపు, రాబడి మాత్రం సెకుండాకు కాదు.

నీలికీబోర్డు

ధరల నుంచి వాద్యాల దగ్గరకు వద్దాం.

కార్నెగీ హాలు రికార్డింగు 1950లో కొలంబియా సంస్థ ఎల్పీలుగా విడుదల చేసింది కనుక ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. అందులో బృందం గాయని మార్తా టిల్టన్ ముందు పాడుతుంది. పాడటం హాయిగా, తేలికగా ఉంటుంది, కాని ఏ ఊరి పాట అయినా ఆమె అలాగే పాడేదేమో అనిపిస్తుంది. ఆ తరవాత జరిగేదే అసలు విశేషం. లయ ఒక్కసారిగా మారుతుంది. అప్పటి దాకా నాలుగు దెబ్బల మీద సాఫీగా జారుతున్న స్వింగ్ ఆగి, బరువైన రెండు దెబ్బల కుదుపు వస్తుంది. జిగ్గీ ఎల్మన్ ట్రంపెట్ ఎత్తుకుని యూదుల పెళ్లిళ్లలో వాయించే "ఫ్రేలెఖ్స్" నాట్యబాణీలోకి దిగుతాడు. ఎల్మన్ అసలు పేరు హ్యారీ ఫింకెల్మన్. 1914లో ఫిలడెల్ఫియాలో పుట్టి, చిన్ననాటి నుంచీ యూదుల వేడుకల్లో వాయించినవాడు. అతని స్వరం నేరుగా నిలవదు. ప్రతి దీర్ఘస్వరం చివర ఒక విరుపు, ఎక్కిళ్లు పెట్టినట్టు ఒక తెగడం ఉంటుంది. క్లెజ్మర్ (తూర్పు యూరప్ యూదుల వేడుక సంగీతం) వాద్యకారులు దాన్ని "క్రెఖ్ట్స్" అంటారు. సినగాగులో ప్రార్థన పాడేవారి గొంతులో వచ్చే విరుపే అది, వాద్యం మీదికి ఎక్కింది.

శ్రోతల స్పందన రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుంది. అమెరికాలో శాస్త్రీయ సంగీతానికి గర్భగుడి వంటి ఆ హాలులో, ఒక యూదు క్లారినెట్ వాద్యకారుడి బృందం నడుమ, పెళ్లి బాజా మోగింది. పాతరికార్డు గారి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆండ్రూస్ సిస్టర్స్ రూపంలో నున్నగా చెక్కి తీసేసినదాన్ని ఎల్మన్ తన ట్రంపెట్‌తో వెనక్కి తెచ్చిపెట్టాడు.

శ్రుతిలయ

నీలికీబోర్డు గారూ, మీ వర్ణన విన్నాక నేనూ రెండు మూడుసార్లు పెట్టుకుని విన్నాను. ఎల్మన్ వాదనం అద్భుతమే. అయినా ఒక పేచీ పెట్టక తప్పదు.

ఎల్మన్ తెచ్చినది యూదుల సంగీతమే, సెకుండా సంగీతం కాదు. ఆ నాట్యబాణీ ఈ పాటలో ఎక్కడా లేదు. ఒక కృతి సాహిత్యాన్ని పట్టుకుని నెరవు చేయడం, అంటే ఒక పంక్తినే రకరకాలుగా విస్తరించడం, వేరు, కృతిని మధ్యలో ఆపి అదే వంశానికి చెందిన మరొక వరుస వాయించి మళ్లీ పల్లవికి రావడం వేరు. రెండోది రక్తి కట్టవచ్చు గాని, స్వరకర్త మీద వ్యాఖ్యానం అనిపించుకోదు. "ఇది మా ఇంటి పాట" అని సభకు చెప్పడానికి ఎల్మన్ సెకుండా పాటను ద్వారబంధంగా వాడుకున్నాడు. అదే ఏడాది చివర అతను చేసినదీ ఇలాంటిదే. ఒక పాత క్లెజ్మర్ నాట్యబాణీని "ఫ్రాలిఖ్ ఇన్ స్వింగ్" పేరుతో రికార్డు చేశాడు. జానీ మెర్సర్ దానికి ఇంగ్లీషు మాటలు రాశాక అది 1939లో గుడ్‌మన్ బృందానికి పెద్ద విజయం అయింది.

సెకుండా బాణీని బాణీగా తరచి చూసిన జాజ్ కావాలంటే గుడ్‌మన్ చిన్న బృందం వినాలి. 1937 డిసెంబరులో విక్టర్ కంపెనీకి రెండు భాగాలుగా వాయించారు: క్లారినెట్ గుడ్‌మన్, పియానో టెడ్డీ విల్సన్, వైబ్రఫోన్ (లోహపు పలకల వాద్యం) లయొనెల్ హాంప్టన్, డ్రమ్స్ జీన్ క్రుపా. విల్సన్ పియానోలో ఆ మైనర్ తీగలు ఎంత పొదుపుగా, ఎంత నిండుగా మారుతూ వస్తాయో గమనించండి. పాటలో బలం ఎక్కడ ఉందో అతనికి తెలుసు. రెండో భాగంలో ఎల్మన్ వస్తాడు, అది వేరే సంగతి.

కాగితప్పడవ

చాలా రోజుల తరవాత వ్రాస్తున్నాను. మీరంతా అమెరికాలోనే తిరుగుతున్నారు కనుక ఒక్కసారి సోవియట్ దేశం వైపు చూద్దాం.

ఈ బాణీ అక్కడికి జాజ్ రికార్డుల ద్వారా చేరింది. 1940లో లెనిన్‌గ్రాడ్‌లో పావెల్ గాండెల్మన్ అనే కుర్రవాడు దీనికి కేప్‌టౌన్ రేవులో నావికుల కొట్లాట గురించి రష్యన్ మాటలు కట్టాడు. ఆ పాట ఎవరు రాశారో తెలియకుండానే దేశమంతా నోటికి ఎక్కింది. యుద్ధకాలంలో లియొనిద్ ఉత్యోసొవ్ జాజ్ బృందం ఇదే బాణీ మీద ఒక జర్మన్ బ్యారన్‌ను ఎగతాళి చేసే పాట పాడింది. ఉత్యోసొవ్ ఒడెస్సా యూదుడు. సెకుండా పుట్టిన నేల నుంచి బయలుదేరిన సంగీతం న్యూయార్క్ వెళ్లి, అక్కడి నల్లజాతివారి పేట హార్లెమ్ మీదుగా తిరిగి, నాజీలను వెక్కిరించడానికి పాత సామ్రాజ్యానికే వచ్చి చేరింది. నాజీ జర్మనీలోనూ ఈ పాట కొంతకాలం మోగిందని, శీర్షిక జర్మన్ లాగా ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదని, యూదుల పాట అని తెలిశాక అటకెక్కించారని చెబుతారు.

ఆ రష్యన్ రూపాలు జాజ్‌గా గొప్పవని నేననను. మనోధర్మం దాదాపు లేదు. బాణీకి ఎంత ఓపిక ఉందో చెప్పడానికి మాత్రమే ప్రస్తావించాను.

గోదారిగట్టు

కాగితప్పడవ గారు హార్లెమ్ మాట ఎత్తారు కనుక, ఈ చర్చలో ఎవరూ ముట్టని ఒక అంశం ఉంది.

పాటకు ఇంగ్లీషు మాటలు రాసినవారిలో ఒకడైన సామీ కాన్ చెప్పిన ప్రకారం అతను ఈ పాటను మొదట విన్నది సెకండ్ అవెన్యూలో కాదు, హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో. జానీ, జార్జ్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులు దాన్ని యిడ్డిష్‌లోనే పాడుతుంటే, అర్థం తెలియని సభ మొత్తం ఊగిపోయిందట. కాన్ ఆ పాటను వెతికి పట్టుకుని ఆండ్రూస్ సిస్టర్స్‌కు ఇచ్చినప్పుడు కూడా మొదట యిడ్డిష్‌లోనే పాడించాలనుకున్నాడు. మినియాపొలిస్ నుంచి వచ్చిన ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లు, గ్రీకు తండ్రికీ నార్వే మూలాల తల్లికీ పుట్టినవారు, యిడ్డిష్ పాట నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు. డెక్కా అధిపతి జాక్ కాప్ వద్దన్నాడు. అప్పుడు కాన్, సాల్ చాప్లిన్ కలిసి ఇంగ్లీషు మాటలు రాశారు, శీర్షికను జర్మన్ మాటల్లా కనిపించే అక్షరక్రమంలో ముద్రించారు.

ఇది గమనిస్తే మొదటి ప్రశ్నకు జవాబు మారిపోతుంది. యూదుతనాన్ని చెరిపింది జాజ్ కాదు, జాజ్ వాద్యకారులూ కాదు. పాడేవారు దాన్ని ఉన్నదున్నట్టు పాడటానికి వెనకాడలేదు; అమ్మేవారు వెనకాడారు. అందులోనూ ఆ అమ్మేవారిలో కాప్ తానే యూదుడు. పరాయివాడి ద్వేషం కన్నా సొంతవాడి వ్యాపార భయం ఎక్కువ పని చేసిన సందర్భమిది.

నీలికీబోర్డు

గోదారిగట్టు గారి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. శ్రుతిలయ గారి పేచీ మాత్రం నా దగ్గర ఇంకా తేలలేదు. జాజ్‌లో పునర్వ్యాఖ్యానం అంటే ఎప్పుడూ బాణీలోపలే ఉండాలా? బాణీ ఏ గూటిదో చూపించడం కూడా వ్యాఖ్యానమే కదా.

షికాగో_సుబ్బు

ఈ తగవు తీర్చడానికి నా దగ్గర రెండు రికార్డులు ఉన్నాయి, రెండూ స్వింగ్ కాలం దాటినవి.

ఒకటి 1962లో డ్రమ్మర్ షెల్లీ మాన్ కాంటెంపరరీ సంస్థకు చేసినది. యూదుల పాటలన్నీ ఏరి, వాటిని వెస్ట్ కోస్ట్ (అమెరికా పడమటి తీరపు) జాజ్ పద్ధతిలో, టెడ్డీ ఎడ్వర్డ్స్ టెనర్ శాక్సఫోన్‌తో, విక్టర్ ఫెల్డ్‌మన్ వంటివారితో వాయించాడు. అందులో "బై మిర్" ఉంది. అక్కడ క్లెజ్మర్ వేషం ఏమీ ఉండదు. పాటను ఏ ప్రామాణిక జాజ్ బాణీలాగానో తీసుకుని, దాని తీగల మీద నింపాదిగా కల్పన చేశారు. శ్రుతిలయ గారు అడిగినది అదే.

రెండోది 1963లో వైబ్రఫోన్ వాద్యకారుడు టెర్రీ గిబ్స్ చేసిన ఆల్బమ్. గిబ్స్ బ్రూక్లిన్ యూదుడు. తండ్రి యూదుల వేడుకలకు బృందం నడిపేవాడు. ఇతను ఒక జాజ్ బృందాన్ని, ఒక క్లెజ్మర్ బృందాన్ని ఒకే స్టూడియోలో కూర్చోబెట్టాడు. ముందు క్లెజ్మర్ వారు పాటను తమ వరుసలో వాయిస్తారు, జాజ్ వారు అందుకుంటారు, మళ్లీ మొదటివారి చేతికి వస్తుంది. అందులోనూ "బై మిర్" ఉంది. కార్నెగీ హాలులో ఎల్మన్ ఒక్కడు కొద్దిసేపట్లో చేసినదాన్ని గిబ్స్ ఆల్బమ్ మొత్తం పరచి చూపాడు. ఆ జాజ్ బృందంలో పియానో వాయించిన అమ్మాయి ఆలిస్ మెక్‌లియాడ్. తరవాత జాన్ కోల్ట్రేన్‌ను పెళ్లాడి, ఆలిస్ కోల్ట్రేన్ అయి, కాలిఫోర్నియాలో ఆశ్రమం నెలకొల్పి సంస్కృత భజనలు పాడిన ఆవిడే. డెట్రాయిట్ చర్చిలో పెరిగిన నల్లజాతి అమ్మాయి క్లెజ్మర్ మైనర్ తీగల మీద వాయించిన తీరు వింటే, ఆ భజనల్లోని తీగలు మరీ కొత్తగా అనిపించవు. ఇది నా చెవి మాట, రుజువు అడగకండి.

శ్రుతిలయ

మాన్ రికార్డు నాకు తెలియదు. విన్నాక వస్తాను. గిబ్స్ పద్ధతి విషయంలో నా పేచీ చాలావరకు ఉపసంహరించుకుంటాను, ఎందుకంటే రెండు బృందాలూ సెకుండా బాణీనే వాయిస్తున్నాయి. అక్కడ గూడూ ఉంది, పక్షీ ఉంది.

కాగితప్పడవ

ఇదే వరుసలో డాన్ బైరన్‌ను కూడా చేర్చాలి. న్యూయార్క్ నల్లజాతి క్లారినెట్ వాద్యకారుడు. 1993లో మిక్కీ కాట్జ్ సంగీతం మీద ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. కాట్జ్ 1950లలో ప్రసిద్ధ ఇంగ్లీషు పాటలకు యిడ్డిష్ పేరడీలు కట్టిన హాస్యగాడిగానే ముద్రపడి మరుగున పడినవాడు, కాని క్లారినెట్ మీద అసాధ్యుడు. బైరన్ ఆ హాస్యాన్ని తీసేయకుండానే, దాని కింద ఉన్న కఠినమైన వాద్యరచనను స్వరం స్వరం వెలికి తీశాడు. నల్లజాతివాడు క్లెజ్మర్ వాయించడమేమిటని అడిగినవారు అప్పట్లో చాలామంది ఉన్నారు. అపోలో థియేటర్ కథ తెలిసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

సెకుండాకు మాత్రం ఇంతవరకు ఒక బైరన్ దొరకలేదనే నా బాధ.

పాతరికార్డు

దొరక్కపోవడానికి కారణం కూడా ఉంది కాగితప్పడవ గారూ. సెకుండా తనను ఈ పాట కర్తగా చూసుకోలేదు. స్వరకర్త ఎర్నెస్ట్ బ్లాక్ దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. సినగాగు ప్రార్థనలకు స్వరాలు కట్టాడు, గాయకుడు రిచర్డ్ టకర్ వంటివారితో కలిసి పనిచేశాడు, ఆరటోరియోలు (గాయకబృందం, వాద్యబృందం కలిసి వినిపించే పెద్ద రచనలు) రాశాడు. ఆ ప్రార్థనా సంగీతం స్వేచ్ఛాలయలో, మాట విరుపును బట్టి సాగుతుంది. ఆవర్తం తిరిగే తీగల చట్రం దానిలో ఉండదు కనుక స్వింగ్ తరం వాద్యకారుడికి పట్టు చిక్కలేదు. ఇప్పటి జాజ్ ఆ చట్రం లేకుండానే గంటల తరబడి నడుస్తోంది కాబట్టి, ఆ అడ్డంకి ఇప్పుడు లేదు.

నాటక గీతాల్లోనూ నాలుగైదు జాజ్ చేతికి ఇట్టే లొంగేవి ఉన్నాయని నా నమ్మకం. "దానా దానా"నే తీసుకోండి. జోన్ బయేజ్ గిటార్ వరుసను మరచిపోయి, మొదటి యిడ్డిష్ రూపాన్ని నిదానంగా పియానో మీద వాయించి చూడండి.

నీలికీబోర్డు

వాయించి చూశాను. చరణం వరకు బాగానే వస్తోంది. పల్లవిలో "దానా" అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చే చోట తీగ మార్చకుండా నిలిపితే బాగుంటుందా, కింది బాస్ స్వరం ఒక్కటే దింపితే బాగుంటుందా అన్నది తేలడం లేదు. శ్రుతిలయ గారూ, మీరు ఒకసారి పాడి వినిపించగలరా? రికార్డు చేసి ఇక్కడ పెడితే దాని కింద నేను వాయిస్తాను.

శ్రుతిలయ

యిడ్డిష్ ఉచ్చారణ నాకు రాదు, స్వరాలతోనే పాడతాను. శ్రుతి నాలుగున్నర పెడుతున్నాను, మీ కీబోర్డును దానికి సరిచూసుకోండి.